చిన్న దెబ్బ తిన్న కారు – చక్రముల పరీక్ష



నేటి నా ప్రసంగము మోటారుకారును గూర్చినది. కారు సంగతి మనకేల, డ్రైవరు చూచుకొనును, మేస్త్రి చూచుకొనును అని తమలో కొందరు తలపవచ్చును. కాని చలికాలపు తెల్లవారుజామున ఒక కారు ఊరి పొలిమేరలో రాతికో, కల్వర్టు గోడకో, మరియొక బండికో తగిలినప్పుడు మొట్టమొదట పిలువబడువాడు మేస్త్రి కాడు, ఊరి పెద్ద. దెబ్బ ఎంతటిది, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చుకొనవలెను, బండి ముందుకు సాగవచ్చునా, సాగరాదా అని నలుగురిలో తీర్పు చెప్పవలసినవారు తమరే. ఆ తీర్పును రంగు గీతను చూచి గాని, రేకు సొట్టను చూచి గాని చెప్పరాదు. చక్రమును చూచి చెప్పవలెను. ఈ ఒక్క మాటను విశదముగా మనవి చేయుటకే నేను పూనుకొన్నాను.

మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో ఇట్టి చిన్న ప్రమాదములు చలికాలమున జరుగుటకు ప్రత్యేక కారణములు కలవు. ధనుర్మాసము వచ్చుసరికి నాగావళి, వంశధార, చంపావతి నదుల లోయలలో తెల్లవారుజామున పొగమంచు దట్టముగా కమ్మును. ఇచ్ఛాపురము మొదలు పలాస, టెక్కలి, నరసన్నపేటల మీదుగా శ్రీకాకుళము దాటి భోగాపురము వైపు పోవు పెద్ద రహదారి మీద ముందరి లారీ వెనుక దీపము కూడ సరిగా అగపడని ఉదయములు ఉండును. సాలూరు నుండి కొరాపుట్టు వైపును, శృంగవరపుకోట నుండి అరకు వైపును ఎక్కు కనుమ దారులలో మలుపు మలుపునకు మంచు పట్టి యుండును. అదే కాలమున ఖరీఫు వరి కోతలు ముగిసి నూర్పులు సాగుచుండును. కళ్లము చాలక కొందరు రైతులు ధాన్యమును తారురోడ్డు మీదనే ఆరబోయుదురు. బండ్లు ధాన్యము మీదికి రాకుండ చుట్టును రాళ్లు పేర్తురు. రాత్రికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పుదురు. ధాన్యము ఎత్తుకొనిపోయిన పిమ్మట ఆ రాళ్లలో ఒకటి రెండు రోడ్డు మీదనే మిగిలిపోవుటయు కద్దు. మంచులో వచ్చు కారునకు ఆ రాయి పది బారల దూరమునకు వచ్చువరకు కానరాదు.

ఒక దృష్టాంతము ఊహింపుడు. ఒక కుటుంబము సంక్రాంతికి ఊరు వచ్చి తిరుగు ప్రయాణమున తెల్లవారకముందే బయలుదేరినది. కారు గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ముందరి ఎడమ చక్రము రాతిని తాకి రోడ్డు అంచు దిగినది. దిగి చూడగా బంపరు పగులలేదు, దీపము చెడలేదు, రేకు మీద చిన్న గీత మాత్రమున్నది. "దేవుని దయ వలన ఏమియు కాలేదు" అని అందరును ఎక్కి కూర్చుండిరి. రాయి పెట్టిన రైతు ఐదు వందల రూపాయలు ఇచ్చి రాజీపడెను. కారు మరల రహదారి ఎక్కి 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. ఇక్కడ జరిగిన పొరపాటు ఏమనగా, దెబ్బ రేకునకు తగులలేదు, చక్రమునకు తగిలినది. రేకు మాట వినిరి గాని చక్రము మాట ఎవ్వరును వినలేదు.

30 కిలోమీటర్ల వేగము స్వల్పమని తోచును. లెక్క చూచినచో, ఆ వేగమున పోవు బండిలోని శక్తి, అదే బండిని సుమారు పదకొండున్నర అడుగుల ఎత్తు నుండి జారవిడిచిన యెడల కలుగు శక్తికి సమానము. వేగము రెట్టింపైనచో ఈ శక్తి నాలుగు రెట్లగును. రాతి దెబ్బలో ఈ శక్తి అంతయు ఖర్చు కాదు. బండి కొంత దూరము సాగియే ఆగును. ఐనను అందులో కొంత భాగము ఒకే చక్రము మీద, కన్ను మూసి తెరచునంతలో పడినచో, లోపలి ఇనుము వంగుట ఆశ్చర్యము కాదు.

ఇప్పుడు ఆ లోపలి అమరికను గూర్చి కొంత చెప్పెదను. మన ఎద్దుబండిని తలచుకొందము. కుండ, ఆకులు, చుట్టును ఇనుప పట్టా, నడుమ ఇరుసు, ఇరుసు కొనకు శీల, ఇంతియే దాని నిర్మాణము. దానికి కమానులు లేవు. రాయి తగిలినప్పుడు దెబ్బ తిన్నగా కూర్చున్నవాని వెన్నెముకకే వచ్చును. ఐనను దోషము దాగదు. ఆకు విరిగినను, కుండ వదులైనను నడకలోనే తెలియును. జట్కాబండికి ఉక్కు పట్టీల కమానులు కట్టిరి. ఆ విధమైన పట్టీలే 2014 వరకు తయారైన అంబాసిడరు కారు వెనుక చక్రములపైనను ఉండెను. నేటి కారులలో ముందరి చక్రముల అమరిక వేరు. 1983 డిసెంబరులో వెలువడిన మారుతీ 800 మొదలుకొని మన దేశపు చిన్న కారులలో పెక్కింటికి, స్ప్రింగును షాకబ్జార్బరును ఒకే నిలువు స్తంభముగా కూర్చిన పద్ధతి వచ్చినది. దానిని స్ట్రట్టు అందురు. మాక్ఫెర్సన్ అను అమెరికా ఇంజనీరు పేర ఇది ప్రసిద్ధమైనది.

ఈ అమరికలో నాలుగు అవయవములను తమరు గుర్తుంచుకొనిన చాలును. మొదటిది స్ప్రింగు, ఇది బరువును మోయును. రెండవది షాకబ్జార్బరు, లోపల నూనె పోసిన గొట్టము. స్ప్రింగు ఊగుచునే యుండకుండ ఇది అణచును. మూడవది లోయర్ ఆర్ము, అనగా చక్రమును అడుగున పట్టుకొని యుండు ఉక్కు చేయి. దాని ఒక కొనకు రబ్బరు బుష్షులు, మరియొక కొనకు గుండ్రని కీలు గల బాల్‌జాయింటు ఉండును. నాలుగవది టైరాడ్డు, డ్రైవరు స్టీరింగు త్రిప్పగా చక్రమును త్రిప్పు సన్నని కమ్మి. చక్రము పక్క నుండి దెబ్బ తినినప్పుడు తరచుగా వంగునవి ఈ కడపటి రెండును, వానితో పాటు స్ట్రట్టును. ఇవి మూడును మడ్గార్డు వెనుక చీకటిలో నుండును. కావుననే వంగినను ఎవ్వరికిని కనిపించవు.

వీనిని పరీక్షించుటకు గొప్ప యంత్రములు మొదట అక్కరలేదు. కన్ను, చేయి, చెవి, ఈ మూడును చాలును. ముందుగా బండిని రోడ్డు మీద నుండి తప్పించి చదునైన నేలకు చేర్చవలెను. అది కదలలేని యెడల హెచ్చరిక దీపములు వెలిగించి, మనుష్యులను రోడ్డునకు దూరముగా నిలుపవలెను. పొగమంచులో కారు చుట్టు గుంపుగా చేరుట మొదటి ప్రమాదము కంటె పెద్ద ప్రమాదమునకు దారి తీయును.

మొదటిది కంటి పరీక్ష. స్టీరింగును తిన్నగా నుంచి, బండికి ఎదురుగా పదడుగుల దూరమున నిలిచి ముందరి రెండు చక్రములను పోల్చి చూడవలెను. ఒక చక్రపు తల లోపలికి గాని వెలుపలికి గాని రెండవదానికంటె హెచ్చుగా ఒరిగినదా? తాపీమేస్త్రి గుండుదారమును చక్రము ప్రక్కన వ్రేలాడదీసి చూచినచో ఈ వాలు స్పష్టపడును. పిదప టైరునకును మడ్గార్డునకును మధ్యనున్న సందును రెండు ప్రక్కలను చేతి వ్రేళ్లతో కొలువవలెను. అనంతరము ఒక తాడు తీసికొని, ముందరి చక్రపు నడిమి నుండి వెనుక చక్రపు నడిమి వరకు ఎడమ ప్రక్కన కొలిచి, అదే తాడును కుడి ప్రక్కన పట్టవలెను. సామాన్యముగా ఈ రెండు కొలతలు ఇంచుమించు సమానముగా నుండును. ఒక ప్రక్క వ్రేలి వెడల్పు తక్కువైనచో ఆ చక్రము వెనుకకు నెట్టబడినదని, అడుగున ఆర్ము గాని, అది బిగింపబడిన చోటు గాని వంగియుండునని అనుమానింపవలెను. రూపాయి ఖర్చు లేని ఈ తాటి కొలతకు మించిన పరీక్ష పల్లెలో మరియొకటి లేదు.

కంటితోనే చూడవలసినవి మరికొన్ని కలవు. టైరు ప్రక్కగోడ మీద బుడిపె లేచినదా? లేచినచో లోపలి దారములు తెగినవన్నమాట. అది ఎప్పుడైనను పగులవచ్చును. రిమ్ము అంచు వంగినదా? అడుగున నేల మీద నూనె చుక్కలు పడుచున్నవా? షాకబ్జార్బరు గొట్టము మీద తడి జిడ్డు కొత్తగా కారినదా? బ్రేకు నూనె తీసికొనిపోవు రబ్బరు గొట్టము ఒరసికొన్నదా? చక్రమును త్రిప్పు ఇరుసు మీద గ్రీజు నిలుపు రబ్బరు తొడుగు చిరిగినదా? వీనిని చేతిదీపముతో చూచి తెలిసికొనవలెను.

రెండవది చేతి పరీక్ష. దెబ్బ తగిలిన మూలను రెండు చేతులతో అదిమి విడిచినచో బండి పైకి లేచి ఒక ఊపుతో నిలువవలెను. తొట్టెవలె ఊగుచునే యున్నచో షాకబ్జార్బరు చెడినది. కాని ఇచట ఒక హెచ్చరిక. ఈ పరీక్షలో బండి చక్కగా నిలిచినంత మాత్రమున అంతయు బాగున్నదని అనుకొనరాదు. ఆర్ము వంగినదియు టైరాడ్డు వంగినదియు దీనివలన తెలియదు. పిమ్మట గట్టి నేల మీద జాకీ పెట్టి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డమిడి, ఆ చక్రమును నేల విడుచునంత లేపవలెను. జాకీ ఒక్కదాని నమ్మకమున ఎవ్వరును బండి క్రిందికి దూరరాదు. గడియారములో 12, 6 అంకెలుండు చోట్ల, అనగా చక్రపు పైని క్రిందిని పట్టుకొని ఊపవలెను. కటకట కదలిక యున్నచో బేరింగో, బాల్‌జాయింటో వదులైనది. 3, 9 అంకెల చోట్ల, అనగా రెండు ప్రక్కల పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే కదలిక యున్నచో టైరాడ్డు కీలును అనుమానింపవలెను. చక్రమును నెమ్మదిగా త్రిప్పి చూచిన, రిమ్ము వంకర తిరుగుచున్నదో లేదో తెలియును.

మూడవది చెవి పరీక్ష. పై రెండింటిలో దోషము కనబడనప్పుడే దీనికి పూనుకొనవలెను. ఖాళీ దారిలో, మనుష్యులను ఎక్కించుకొనక, నడక వేగమున బండిని కొంత దూరము నడుపవలెను. బ్రేకు సరిగా పట్టుచున్నదో మొదటనే చూడవలెను. బండి తిన్నగా పోవుచుండగా స్టీరింగు వంకరగా నిలిచినచో టైరాడ్డో ఆర్మో వంగినదనుటకు అది బలమైన గుర్తు. బండి ఒక ప్రక్కకే లాగుచున్నను, మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంత తాను తిన్నబడకున్నను దోషమున్నట్లే. గుంతలో పడినప్పుడు టక్కుమను శబ్దము కీలు వదులగుటను తెలుపును. వేగముతో పాటు పెరుగుచు, మలుపులో మారుచుండు గుంయిమను మ్రోత బేరింగునది. ఒకానొక వేగము వద్ద మాత్రమే స్టీరింగు వణకినచో రిమ్ము వంగినదనియో, చక్రపు సమతూకము తప్పినదనియో ఊహింపవలెను. ఎద్దుబండి ఇరుసు కూతను విని కందెన వేయవలసిన వేళను గుర్తించిన చెవులకు ఇది కష్టమైన విద్య కాదు.

ఈ గుర్తులలో కొన్ని కనిపించినప్పుడు బండిని ఒక్క మైలు కూడ నడుపరాదు. చక్రము స్పష్టముగా ఒరిగియుండుట, టైరు బుడిపె కట్టుట, టైరు మడ్గార్డునకు గాని స్ప్రింగునకు గాని ఒరయుట, బ్రేకు నూనె కారుట, చేతితో ఊపగా చక్రము కదలుట, స్టీరింగు బిగియుట, ఈ ఆరును అట్టివి. అప్పుడు బండిని మరియొక వాహనము మీద ఎక్కించి పంపుటయే మార్గము. బాల్‌జాయింటు ఊడినచో చక్రము బండి క్రిందికి మడిగిపోవును. స్టీరింగు త్రిప్పినను ప్రయోజనము లేదు. అది ఊరిలో నడక వేగమున జరిగిన నష్టము డబ్బుతో పోవును. రహదారి మీద ఎదురుగా లారీ వచ్చుచుండగా జరిగిన నష్టము డబ్బుతో పోదు.

బండి మేస్త్రి వద్దకు చేరిన పిదప గమనింపవలసినవి రెండు కలవు. చక్రముల వాలును, చూపును కొలుచు యంత్రములు నేడు పట్టణములలో కలవు. ఆ పనిని అలైన్‌మెంటు అందురు. వంగిన ఆర్మును అట్లే యుంచి, టైరాడ్డు మరను త్రిప్పి స్టీరింగును తిన్నగా కనబడునట్లు చేయుట సాధ్యమే. అది విరిగిన ఎముకను కట్టక కుంటును దాచుట వంటిది. కావున కొలత తీయకమునుపును, తీసిన పిమ్మటను యంత్రము అచ్చు వేసి ఇచ్చు కాగితమును అడిగి తీసికొనవలెను. పెక్కు చిన్న కారులలో చక్రపు వాలును సవరించుటకు మర యుండదు. అట్టి బండిలో ఒక ప్రక్క వాలు హద్దు మీరినచో ఏదో ఒక భాగము వంగియే యుండును. ఆ భాగమును కనిపెట్టి మార్చవలెను గాని అలైన్‌మెంటుతో సరిపుచ్చరాదు. ఇక రెండవ సంగతి. వంగిన ఆర్మును, టైరాడ్డును కొలిమిలో కాల్చి తిన్నగా కొట్టించుట మన వైపు కొన్ని చోట్ల కలదు. నాగటి కర్రు విషయమున అది గొప్ప నేర్పు; ఈ భాగముల విషయమున అది ప్రాణాపాయము. కాలిన ఉక్కు తన మొదటి బలమును కోల్పోవచ్చును, చెప్పక విరుగును. వీనిని మార్చుటయే ధర్మము.

ఇక పెద్దల తీర్పు మాట. చిన్న తగవులు ఊరిలోనే సమసిపోవుట మంచిదే. కాని చక్రమును చూడకమునుపు మొత్తము తేల్చరాదు. "ఇంతటితో ఎట్టి బాకీయు లేదు" అని కాగితము మీద చేవ్రాలు చేయింపరాదు. రెండు ప్రక్కలవారి పేరులు, బండ్ల నంబరులు, దెబ్బ తగిలిన చోటు, వేళ వ్రాయించి, మేస్త్రి పరీక్ష ముగిసిన పిమ్మట లెక్క చూతమని చెప్పుట న్యాయము. ఇది కారు గలవానికే కాదు, ఎదుటివానికిని మేలు చేయును. పరీక్షలో ఏమియు లేదని తేలినచో రైతు వృథాగా ఇచ్చుకొనవలసిన పని లేదు. పాత అరుగుదలను కొత్త దెబ్బగా చూపు మోసమును కూడ తాటి కొలత, తడి జిడ్డు, తాజా గీతలు వంటి సాక్ష్యములు అడ్డుకొనును.

చట్టము సంగతియు మరువరాదు. ఎవరికైన గాయమైనను, పరుల ఆస్తికి నష్టము కలిగినను, 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము డ్రైవరు గాయపడినవారికి వైద్యము చేయింపవలెను. పోలీసు అధికారి అచట లేనియెడల 24 గంటలలోగా దగ్గరి ఠాణాలో తెలుపవలెను. భీమా కంపెనీకిని వ్రాయవలెను. ఊరి రాజీ ఈ బాధ్యతను తుడిచివేయదు. పరుల నష్టమునకు మాత్రమే చేసిన భీమా సొంత కారు మరమ్మతునకు ఇయ్యదు. సొంత నష్టమునకు కూడ చేసిన భీమా ఇచ్చును. ఐతే అట్టి భీమా షరతులలో ఒకటి గమనింపదగినది. దెబ్బ తగిలిన పిమ్మట అవసరమైన మరమ్మతు చేయింపకయే బండిని నడిపినచో, అందువలన పెరిగిన నష్టము యజమానిదే యగును. వంగిన ఆర్ముతో నూరు మైళ్లు పోయి టైరు అరిగి బేరింగు విరిగినచో కంపెనీవారు మొదటి నష్టమునే లెక్కింపవచ్చును.

అమెరికా, కెనడా వంటి చలిదేశములలో నున్న మన బిడ్డలకును ఈ చిక్కు తప్పదు. అచట రోడ్డు మీద నీరు గడ్డకట్టి గాజువలె నుండగా బండి జారి, కాలిబాట రాతి అంచునకు చక్రము ప్రక్కగా కొట్టుకొనును. అచట మంచుగడ్డ, ఇచట పొగమంచు. అచట కాలిబాట రాయి, ఇచట ధాన్యపు రాయి. దెబ్బ తినునది మాత్రము ఆ ఆర్మే, ఆ టైరాడ్డే. దూరమున నున్నవారు ఫోనులో "చిన్నగా తగిలినది, రంగు పోయినదంతే" అని చెప్పినప్పుడు, చక్రము చూపించితివా అని అడుగుడు.

చివరగా ఒక విన్నపము. పరీక్ష కంటె నివారణ మేలు. నూర్పుల కాలమున ధాన్యమునకు కళ్లములోనో, పాఠశాల సెలవు దినములలో అనుమతితో దాని ఆవరణలోనో చోటు చూపుట పెద్దలకు సాధ్యము. రోడ్డు మీద రాళ్లు పేర్చుట మాన్పించుట అంతకంటె సులభము. ఏ కారణముననైన రాయి రోడ్డెక్కినచో, దీపాలవేళకు ముందే దానిని తీయించుటకు ఒక మనిషిని నియమింపుడు. ఆ రాయి తాకునది పరాయి ఊరి కారునే కాకపోవచ్చును. ప్రసవమునకు మన ఆడపడుచును ఆసుపత్రికి తీసికొనిపోవు బండి కూడ ఆ మంచులోనే, ఆ దారినే పోవలెను.